మెయిల్‌లో పత్రిక పెట్టాలంటే: సబ్‌స్టాకా, బీహైవా, గోస్టా, సొంత సర్వరా?

మెయిల్‌లో న్యూస్‌లెటర్ మొదలుపెడదామనుకుంటున్నాను, ఏ సర్వీసు తీసుకోమంటారు అని నెలకు ఒకరిద్దరైనా అడుగుతుంటారు. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే లోగో చేయించుకుని, పేరు మీద నలుగురి చేత ఓట్లు వేయించి, చందా ఎంత పెట్టాలో కూడా లెక్క కట్టేసి ఉంటారు, మొదటి సంచిక మాత్రం ఉండదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేనేం తక్కువ తినలేదు లెండి. నాలుగేళ్ల కిందట విజయవాడ నుంచి మిద్దెతోటల మీద పక్షానికో ఉత్తరం పంపాలని అనుకున్నప్పుడు మొదటి నెలంతా ఏ సర్వీసు మంచిదో వీడియోలు చూడటంతోనే సరిపోయింది. ఆ తర్వాత మూడుసార్లు సర్వీసు మార్చాను, మార్చిన ప్రతిసారీ కొంతమంది పాఠకులు జారిపోయారు.

ఆ అనుభవంతో చెబుతున్నాను, ఫీచర్ల పట్టికలు ముందేసుకుని కూర్చుంటే ఎప్పటికీ తేలదు. మీ పాఠకులు ఎక్కడున్నారు, రాయడం కాకుండా దాని చుట్టూ ఉండే చిల్లర పనికి మీరు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఈ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సర్వీసు దానంతట అదే తేలిపోతుంది. కాబట్టి ముందు చూసుకోవాల్సినవి చెప్పి, ఆ తర్వాత ఒక్కో సర్వీసు దగ్గరికి వస్తాను.

## మెయిల్ ఐడీ ఉంటుంది, మెయిల్ ఉండదు

మన దగ్గర ఇది అసలు సమస్య. ఫోన్ కొన్న రోజు మొబైల్ షాపు కుర్రాడు పేరూ, పుట్టిన సంవత్సరమూ కలిపి ఒక ఐడీ క్రియేట్ చేస్తాడు, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిస్తాడు, ఆ చీటీ ఫోన్ డబ్బాలో ఉంటుంది, డబ్బా అటక మీద ఉంటుంది. ఇలాంటి ఐడీలను జాబితాలో వేసుకుంటే అంకె పెరుగుతుంది కానీ చదివేవాళ్లు పెరగరు. మెయిల్‌ను రోజూ తెరిచేది ఆఫీసు ఉద్యోగులు, విదేశాల్లో ఉన్నవాళ్లు, లెక్చరర్లు, బ్యాంకుల్లోనో ప్రభుత్వ ఉద్యోగాల్లోనో చేసి రిటైరైనవాళ్లు. మీరు రాసే విషయం వీళ్లకు పట్టేదైతే మెయిల్ మంచి దారి. మిర్చి యార్డు ధరలు రైతులకు చెప్పాలనుకుంటే కాదు, దానికి వాట్సాప్ చానెలే మేలు.

అలాగని అందరికీ వాట్సాపే చాలు అని కూడా అనను. 2023 సెప్టెంబరులో చానెళ్లు మన దేశానికి వచ్చాక చాలామంది అటే వెళ్లారు. కానీ చానెల్‌లో మిమ్మల్ని అనుసరించేవాళ్ల నంబర్లు మీకు కనిపించవు, రేపు చానెల్ పోతే వాళ్లంతా పోయినట్టే. బ్రాడ్‌కాస్ట్ లిస్టు 256 మందితో ఆగిపోతుంది, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. గ్రూపు 1,024 మంది దాకా వెళుతుంది కానీ గ్రూపంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, మీ వ్యాసం కింద ఇరవై శుభోదయాలు, ఒక పెళ్లి ఫొటో. నేను రెండూ వాడతాను: ఉత్తరం మెయిల్‌లో, "ఉత్తరం పంపాను, చూడండి" అనే కబురు వాట్సాప్‌లో. మెయిల్ మర్చిపోయినవాళ్లు ఆ కబురు చూసి తెరుస్తారు.

## డబ్బు వచ్చే దారి

చందా పెట్టి సంపాదిద్దామనుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి, ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడుతున్నారు. విదేశీ న్యూస్‌లెటర్ సర్వీసుల్లో చాలావరకు చందా డబ్బులు స్ట్రైప్ అనే పేమెంట్ సంస్థ ద్వారా వస్తాయి. భారత్‌లో ఉన్నవాళ్లకు 2024 నుంచి స్ట్రైప్ కొత్త ఖాతాలను ఆహ్వానం మీదే ఇస్తోంది. అంటే హైదరాబాద్‌లో కూర్చుని సబ్‌స్టాక్ లాంటి విదేశీ సర్వీసులో ఖాతా తెరిచి, ఆరు నెలలు కష్టపడి ఐదు వందల మందిని పోగేసి, ఇక చందా పెడదామని బటన్ నొక్కితే అక్కడ గోడ తగలొచ్చు. ముందే ఆ బటన్ నొక్కి చూసుకోండి, తర్వాత కాదు.

కట్టేవాళ్ల వైపు నుంచీ ఒక ఇబ్బంది ఉంది. నెలనెలా కార్డు నుంచి దానంతట అదే డబ్బు కోసుకునే పద్ధతికి రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు పెట్టింది, ముందు అనుమతి తీసుకోవాలి, కోసేముందు కబురు పెట్టాలి. మంచి నిబంధనే, మన డబ్బుకు కాపలా. కానీ విదేశీ సర్వీసులకు మన కార్డులతో నెల చందా కట్టడం అప్పటి నుంచి ఒకసారి పనిచేస్తే ఒకసారి పనిచేయని వ్యవహారమైంది. మీ పాఠకులు ఎక్కువగా ఇక్కడివాళ్లే అయితే నెల చందా అనే ఆలోచనే వదిలేసి, ఏడాదికోసారి యూపీఐ క్యూఆర్ పెట్టడం హాయి. నేను అదే చేస్తాను. డబ్బు కట్టినవాళ్ల పేర్లు ఒక షీట్‌లో రాసుకోవడం, వాళ్లకు ప్రత్యేకంగా ఒక లేబుల్ తగిలించడం చేత్తో చేసే పని, నెలకు గంట పడుతుంది. ఆ లేబుల్‌ను ట్యాగ్ అంటారు, అది పెట్టుకునే వీలు మీరు తీసుకునే సర్వీసులో ఉందో లేదో చూసుకోవాలి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి రాసే తెలుగువాళ్లకు ఈ గొడవేమీ లేదు, స్ట్రైప్ అక్కడ మామూలుగానే దొరుకుతుంది.

## తెలుగు అక్షరాల బరువు

ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల సలహాలు మనకు పనికిరాని చోటు ఇది. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, గుణింతమూ పొల్లూ కూడా విడిగా లెక్కే. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతాలు, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 6 బైట్లు. ఉంటే ఉంది, ఎవరికి నష్టం అంటారా? జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను అక్కడితో కత్తిరించి, మిగతాది చూడాలంటే లింకు నొక్కమంటుంది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఆ గీత దాకా వెళ్లడం అరుదు. మనం 3,000 మాటలు రాస్తే అక్షరాలకే 70 కిలోబైట్లు దాటుతుంది, దానికి టెంప్లేట్ (సర్వీసు ఇచ్చే పేజీ నమూనా) బరువు, లింకుల బరువు కలిస్తే అయిపోయినట్టే. టమాటా ఆకుముడత మీద నేను రాసిన పెద్ద ఉత్తరం సరిగ్గా వేపనూనె ఎంత కలపాలో చెప్పే వాక్యం దగ్గర తెగింది. తప్పు నాదే, బరువు చూసుకోలేదు. తెగితే పోయేది వ్యాసం ఒక్కటే కాదు, అడుగున ఉండే "చందా మానుకోండి" లింకు కూడా కనిపించదు, అది కనపడక చిరాకుపడినవాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు. అందుకే 2,000 మాటల లోపు ఉంచండి, లేదా సగం మెయిల్‌లో పంపి మిగతాది పేజీలో పెట్టండి.

రెండోది వరుసల మధ్య ఖాళీ. చాలా టెంప్లేట్లు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు తగ్గట్టు చేసినవి. "స్త్రీ", "లక్ష్మి", "సామర్థ్యం" లాంటి మాటల వత్తులు వెళ్లి కింది వరుస తలకట్టుకు తగులుతాయి, ఫోన్‌లో చదివేవాళ్లకు కళ్లు లాగుతాయి. వరుసల ఎత్తు 1.4 ఉన్నచోట 1.7 చేస్తే పేజీ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ మార్పు చేసుకోనిచ్చే సర్వీసులు కొన్నే. ఫాంట్ మాత్రం మీ చేతిలో లేదు, మీరెంత ముచ్చటపడి అందమైన తెలుగు ఫాంట్ పెట్టినా జీమెయిల్ దాన్ని పక్కనపెట్టి ఆ ఫోన్‌లో ఉన్నదే చూపిస్తుంది. వాలు అక్షరాలు అసలు వాడకండి, తెలుగుకు ఆ అలవాటు లేదు, గాలికి ఒరిగిన పందిరిలా ఉంటుంది.

పంపేవారి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఉండాలి. నేను ముందు తెలుగులోనే పెట్టి, పాత ఉత్తరం వెతికితే దొరకట్లేదని పాఠకులు అడిగాక మార్చాను. తెలుగు చదివేవాళ్లలో చాలామంది వెతికేటప్పుడు ఇంగ్లిష్‌లోనే టైప్ చేస్తారు.

## స్పామ్‌లో పడటం, జాబితా చేతిలో ఉండటం

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ గట్టి నిబంధనలు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైన మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో చందా మానుకునే బటన్ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. పేర్లు చూసి టెన్షన్ పడకండి, "ఈ పేరు మీద మెయిల్ పంపడానికి ఈ సర్వర్‌కు అనుమతి ఉంది" అని డొమైన్ (మీ సొంత వెబ్ చిరునామా) సెట్టింగుల్లో రాసిపెట్టే కొన్ని వరుసలే అవి. మీరు రెండు వందల మందికే పంపినా ఇవి సరిగా ఉండటం మంచిది. సబ్‌స్టాక్ లాంటిచోట వాళ్లే చూసుకుంటారు, సొంత డొమైన్ నుంచి పంపితే మీరు పెట్టుకోవాలి.

అయితే స్పామ్‌లో పడేసేది ఎక్కువగా ఇవి కావు, మన జాబితానే. ఒక జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో స్నేహితుడి స్టాల్ దగ్గర నోట్‌బుక్ పెట్టి, ఇష్టమున్నవాళ్లు మెయిల్ ఐడీ రాయండి అన్నాను. 64 మంది రాశారు. ఇంటికొచ్చి టైప్ చేస్తుంటే ఇంగ్లిష్ ఆర్, ఎన్ పక్కపక్కన ఉండి ఎమ్‌లా కనిపించడం, ఒకటికీ ఎల్‌కీ తేడా తెలియకపోవడం, ఒకాయన చుక్క పెట్టారా ఈగ వాలిందా అన్న అనుమానం. పంపితే 11 తిరిగొచ్చాయి. అప్పుడు వాడుతున్న సర్వీసు, పేరు ఎందుకులెండి, నా ఖాతాను నాలుగు రోజులు ఆపేసింది. వాళ్లను తప్పు పట్టలేను, తిరిగొచ్చే మెయిళ్లు 5 శాతం దాటితే ఎవరైనా అనుమానంగానే చూస్తారు, నావి 17 శాతం. అప్పటి నుంచి కాగితం మీద క్యూఆర్ కోడ్ పెడుతున్నాను, వాళ్లే వాళ్ల ఫోన్‌లో కొట్టి, వచ్చిన మెయిల్‌లో "అవును" నొక్కితేనే చేరతారు. సగం మంది ఆ రెండో నొక్కు దగ్గర ఆగిపోతారు. ఆగిపోనివ్వండి.

ఫోన్‌లో ఉన్న కాంటాక్టులన్నీ తెచ్చి జాబితాలో పోసే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అడగకుండా చేర్చడం మర్యాద కాదు, పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి మూలమే సమ్మతి.

జాబితా దించుకుని ఇంకోచోటికి పట్టుకెళ్లే వీలు నేను ఇక్కడ చెప్పే అన్నిటిలోనూ ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున దించి దాచుకోండి, ఖాతా ఆగిపోయిన నాలుగు రోజులూ నాకు నిద్ర పట్టింది ఆ ఫైలు ఉండబట్టే.

ఇంకో చిన్న చిక్కు. ఇలాంటి మెయిళ్ల అడుగున ఒక పోస్టల్ అడ్రసు ఉండాలని అమెరికాలో 2003 నుంచి చట్టం ఉంది కాబట్టి చాలా సర్వీసులు అడ్రసు అడుగుతాయి. ఇంటి అడ్రసు వందలమందికి తెలియడం ఇష్టం లేనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇక్కడే వెనక్కి తగ్గుతారు. సబ్‌స్టాక్ తన అడ్రసే వేస్తుంది. మిగతాచోట్ల పోస్టాఫీసులో పోస్ట్ బాక్స్ అద్దెకు తీసుకోవచ్చు.

## పక్కపక్కన పెడితే

ధరలు మారుతుంటాయి, కట్టే ముందు వాళ్ల పేజీ ఓసారి చూసుకోండి.

| సర్వీసు | ఉచితం ఎంతవరకు | చందాలో కోత | మీ మీద పడే పని | తెలుగు పేజీ సర్దుకోవడం |
|---|---|---|---|---|
| సబ్‌స్టాక్ | ఎంతమందికైనా | 10 శాతం, పైన కార్డు ఖర్చు | దాదాపు లేదు | బాగా తక్కువ |
| బీహైవ్ | 2,500 మంది | కోత లేదు, కానీ చందా పెట్టాలంటే డబ్బు కట్టే ప్లాన్ కావాలి | కొంచెం | పర్వాలేదు |
| కిట్ | 10,000 మంది | అమ్మకాల మీద కొంత | కొంచెం, ట్యాగులు అలవాటు కావాలి | బాగుంటుంది |
| బ్రెవో | రోజుకు 300 మెయిళ్లు | వర్తించదు, వ్యాపారాలకు చేసినది | మధ్యస్థం | బాగుంటుంది |
| గోస్ట్ | సొంత సర్వర్‌లో (అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌లో) పెడితే సాఫ్ట్‌వేర్ ఉచితం | కోత లేదు | సొంత సర్వర్ అయితే ఎక్కువ | వెబ్ పేజీ అద్భుతం, మెయిల్ పరిమితం |
| లిస్ట్‌మంక్, అమెజాన్ ఎస్‌ఈఎస్‌తో (అమెజాన్ వాళ్ల మెయిల్ పంపే సర్వీసు) | సాఫ్ట్‌వేర్ ఉచితం, వెయ్యి మెయిళ్లకు 0.10 డాలర్లు | చందా ఏర్పాటు లేదు | చాలా ఎక్కువ | పూర్తిగా మీ ఇష్టం |

సబ్‌స్టాక్. 2017లో మొదలైంది, రాసేవాడికి రాయడం తప్ప వేరే పని పెట్టకూడదన్న ఆలోచనతో చేసింది. ఖాతా తెరిచిన పది నిమిషాల్లో మొదటి ఉత్తరం పంపవచ్చు. నష్టాలు నెమ్మదిగా తెలుస్తాయి. మెయిల్ వాళ్ల డొమైన్ నుంచే వెళుతుంది, 50 డాలర్లు ఒకసారి కట్టి సొంత డొమైన్ పెట్టుకున్నా అది పేజీకే. వాళ్ల యాప్‌లో మిమ్మల్ని "ఫాలో" అయినవాళ్లు మీ మెయిల్ జాబితాలోకి రారు, ఆ అంకె చూసి మురిసిపోవద్దు. పాఠకులను ఒకరి నుంచి ఒకరికి పంపే సిఫార్సుల ఏర్పాటు ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు బాగా పనిచేస్తుంది, తెలుగులో రాసేవాళ్లు అక్కడ తక్కువ కాబట్టి మనకు ఆ గాలి పెద్దగా తగలదు. 5 డాలర్ల నెల చందాలో వాళ్ల కోత 50 సెంట్లు, కార్డు ఖర్చు ఇంకో 45 సెంట్ల పైన, మీ చేతికి 4 డాలర్లు. అదే ఏడాదికి 50 డాలర్లయితే చేతికి 43 దాకా వస్తుంది. సబ్‌స్టాక్ వాడేవాళ్లు ఏడాది చందానే ముందు పెట్టండి.

బీహైవ్. 2021లో వచ్చింది. చందాలో ఒక్క పైసా కోయదు, కానీ చందా పెట్టే వీలున్న ప్లాన్‌కు నెలకు 40 డాలర్ల పైన అవుతుంది. 45 అనుకుందాం, సబ్‌స్టాక్ 10 శాతంతో పోలిస్తే నెలకు 450 డాలర్ల చందా వచ్చే దాకా సబ్‌స్టాకే చవక, అంటే 5 డాలర్లు కట్టేవాళ్లు 90 మంది. తెలుగు ఉత్తరానికి డబ్బు కట్టే 90 మందిని సంపాదించడం చిన్న పని కాదు. చందా ఆలోచన లేనివాళ్లకు దాని ఉచిత ప్లాన్ మంచిదే. ఎదుగుదల, ప్రకటనలు, గ్రాఫులు అంటూ మనసు లాగే వస్తువులు మాత్రం ఎక్కువ. ఆ గ్రాఫుల సంగతీ చెప్పాలి, ఎంతమంది తెరిచారన్న అంకెను ఏ సర్వీసులో చూసినా పూర్తిగా నమ్మకండి. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో గోప్యత ఏర్పాటు పెట్టాక, ఐఫోన్ పాఠకుడు తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలోకి వస్తుంది.

కిట్. పాత పేరు కన్వర్ట్‌కిట్, 2024లో పేరు మార్చుకుంది. ఇక్కడ ఉండి తెలుగులో రాస్తూ, యూపీఐతో డబ్బు తీసుకుంటూ, కట్టినవాళ్లకు వేరుగా పంపాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కట్టినవాళ్లకు ట్యాగ్, విదేశాల్లో ఉన్నవాళ్లకు ట్యాగ్, ఊరికో ట్యాగ్. 10,000 మంది దాకా ఉచితం అంటే మనలో చాలామందికి జీవితకాలం ఉచితమే. లోపం ఏమిటంటే మొదటి రెండు వారాలు ఏ బటన్ ఎక్కడుందో తెలియక తిరుగుతారు, పాత ఉత్తరాలు పేజీగా చదువుకునే ఏర్పాటు సబ్‌స్టాక్ అంత ముచ్చటగా ఉండదు.

మెయిల్‌చింప్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్. ఇవి దుకాణాల కోసం. పచ్చళ్లు అమ్మేవాళ్లు, చేనేత చీరలు పంపేవాళ్లు, కోచింగ్ సెంటర్లు. మెయిల్‌చింప్ ఒకప్పుడు 2,000 మందికి ఉచితంగా ఇచ్చేది, తర్వాత కోసుకుంటూ వచ్చింది. పైగా చందా మానుకున్నవాళ్లను కూడా మీరు పక్కన పెట్టేదాకా లెక్కలో కలుపుతుంది. బ్రెవోలో రోజుకు 300 అంటే 500 మంది ఉన్న పత్రిక రెండు రోజులు వెళుతూ ఉంటుంది. జోహో తమిళనాడు సంస్థ, బిల్లు రూపాయల్లో వస్తుంది, జీఎస్టీ ఉన్న వ్యాపారికి అదే పెద్ద సుఖం. ఉత్తరాలు రాసుకునేవాళ్లు మాత్రం వీటి జోలికి వెళ్లక్కర్లేదు.

గోస్ట్. 2013 నాటిది, లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడుపుతుంది, కోడ్ అంతా బయటే ఉంటుంది. పత్రికకు పత్రికా, మెయిల్‌కు మెయిలూ. ఐదారుగురు కలిసి కథలో కవితలో వ్యాసాలో వేసే పత్రిక పెడుతున్నారంటే, పాత సంచికలు పదేళ్ల తర్వాత కూడా వెతికితే దొరకాలంటే నా ఓటు దీనికే. వాళ్ల దగ్గరే ఉంచితే నెలనెలా డాలర్లు కట్టాలి, సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ గుంపుగా మెయిల్ పంపడానికి మెయిల్‌గన్ అనే ఇంకో సర్వీసుకు విడిగా కట్టాలి. ఈ ముక్క చాలామందికి అన్నీ పెట్టుకున్నాక తెలుస్తుంది.

లిస్ట్‌మంక్. షేర్లు కొని అమ్మే వేదిక జెరోధాలో టెక్నాలజీ అధిపతి (సీటీఓ) కైలాష్ నాధ్ తయారుచేసి అందరికీ ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్. ఒకే ఫైలు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంతే. దాన్ని అమెజాన్ ఎస్‌ఈఎస్‌కు కలిపితే వెయ్యి మందికి వారానికో ఉత్తరం పంపినా మెయిళ్ల ఖర్చు నెలకు అర డాలరు, సర్వర్ అద్దె వేరు. వినడానికి ఎంత బాగుందో చూశారా? ఇక అసలు కథ. ఎస్‌ఈఎస్ మొదట మిమ్మల్ని చిన్న ఆవరణలో ఉంచుతుంది, రోజుకు 200 మెయిళ్లు, అవీ మీరు ముందే ధ్రువీకరించిన అడ్రసులకే. బయటికి రావాలంటే జాబితా ఎలా వచ్చింది, తిరిగొచ్చిన మెయిళ్లను ఏం చేస్తారు అని రాసి అనుమతి అడగాలి. తిరిగొచ్చేవి 5 శాతం, ఫిర్యాదులు 0.1 శాతం దాటకుండా మీరే చూసుకోవాలి. సర్వర్ అప్‌డేట్లు మీవే, బ్యాకప్‌లు మీవే. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే, వరుసల ఎత్తు దగ్గర్నుంచి అన్నీ నాకు కావాల్సినట్టు ఉన్నాయి. కానీ దీపావళి ముందురోజు బంతిపూల ఉత్తరం పంపాల్సిన రాత్రి డిస్క్ నిండిపోయి రెండింటి దాకా కూర్చున్నాను. ఉత్తరం పండగ అయ్యాక వెళ్లింది.

## మీరు ఎవరైతే ఏది

ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో రాసేవాళ్లకు రాయడానికే టైం చాలదు. సబ్‌స్టాక్ తీసుకోండి, చందా మాటెత్తకండి, పది సంచికలు పంపండి. ఆంధ్రులు ఆరంభశూరులని ఊరికే అనలేదు. పదో సంచిక దాటాక కూడా ఉత్సాహం ఉంటే జాబితా దించుకుని కిట్‌కో గోస్ట్‌కో వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు మాత్రం పాత చోటు నుంచే ఆఖరి ఉత్తరం పంపి, కొత్తది ఏ పేరుతో వస్తుందో చెప్పండి. నేను మొదటిసారి చెప్పలేదు, కొత్త పేరు చూసి ఎవరో అనుకుని స్పామ్ నొక్కారు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి అక్కడి తెలుగువాళ్లకు రాసేవాళ్లకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. సబ్‌స్టాక్‌లో ఏడాది చందాతో మొదలుపెట్టి, కట్టేవాళ్లు వంద దాటాక బీహైవ్ లెక్క వేసుకోవచ్చు. చందా కట్టినవాళ్ల వివరాలు మీ స్ట్రైప్ ఖాతాలోనే ఉంటాయి కాబట్టి మారినా పూర్తిగా మొదటికి రాదు.

ఇంజనీర్లకు ఒక మాట. లిస్ట్‌మంక్ చూడగానే చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. ఆరు సంచికలు వేరేచోట పంపాక పెట్టుకోండి. నాకు తెలిసిన ముగ్గురు ముందు సర్వర్ పెట్టారు, మూడూ నేటికీ దివ్యంగా నడుస్తున్నాయి, ఒక్క ఉత్తరం వెళ్లలేదు.

యాభై మంది లోపు ఉన్నవాళ్లకు అసలు ఏ సర్వీసూ అక్కర్లేదు. మామూలు జీమెయిల్‌లో రోజుకు 500 మందికి పంపే వీలుంది. అందరి ఐడీలూ బీసీసీలో పెట్టి, అడుగున "వద్దనుకుంటే ఒక్క మాట రాయండి, తీసేస్తాను" అని పెడితే చాలు. బీసీసీ బదులు సీసీలో పెడితే అందరి ఐడీలూ అందరికీ తెలిసిపోతాయి, ఆ తర్వాత అందరూ అందరికీ జవాబులిచ్చుకుంటారు, ఆ గోల ఆపడం మన వల్ల కాదు.

తెనాలిలో మా నాన్నగారి స్నేహితులొకరు ఉన్నారు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ప్రతి పౌర్ణమికీ వాళ్ల ఊరి పాత సంగతులు, ఏ కాలవ ఎవరు తవ్వించారు, ఏ చింతచెట్టు ఏ తుఫానుకు పడింది, ఇవన్నీ రాసి 43 మందికి బీసీసీలో పంపుతారు. మొన్న ఫోన్ చేసి, "ఏదో సబ్‌స్టాక్ అంటున్నారుగా, నన్నూ అందులో పెట్టరాదూ?" అన్నారు. వద్దు మాస్టారూ, ఇప్పుడున్నదే బాగుంది అన్నాను. ఆయన ఉత్తరానికి ప్రతిసారీ పదిహేను, పదిహేడు మంది తిరిగి రాస్తారట, అందరికీ విడివిడిగా జవాబిస్తారట. నా ఉత్తరం 1,900 మందికి వెళుతుంది. జవాబులు ఏ నెలలోనూ పదిహేడు దాటలేదు.